బ్యాటరీ మీద రాసిందీ, బ్యాటరీలో ఉన్నదీ

ల్యాప్‌టాప్ బ్యాటరీ కొనడానికి వెళ్లినవారు ఎక్కడైనా అడిగే ప్రశ్నలు దాదాపు మూడే: ఎంత, ఎన్ని ఎంఏహెచ్, ఒరిజినలేనా? మూడింటికీ జవాబు అమ్మేవారి నోటి నుంచే వస్తుంది. ధర వారే చెబుతారు. ఎంఏహెచ్ అంకె స్టిక్కర్ మీద ఉంటుంది కానీ ఆ స్టిక్కర్ ఎవరు అచ్చు వేయించారో కొనేవారికి తెలియదు. ‘ఒరిజినలేనా’ అని అడిగితే ‘కాదు’ అనే జవాబు ఏ దుకాణంలోనూ తేలిగ్గా రాదు. అంటే డబ్బు ఇచ్చి ఇంటికి తెచ్చుకునేది బ్యాటరీతో పాటు ఒక మాటను కూడా. బ్యాటరీ విషయంలో ఆ మాట నిజమో కాదో వెంటనే తేలదు. లోపల ఏముందో పైకి కనిపించదు, తేడా బయటపడేసరికి నెలలు గడుస్తాయి, బిల్లు కూడా ఎక్కడో పోతుంది. అందుకే ఈ వ్యాసంలో చెప్పదలచింది ఒక్కటే. బ్యాటరీని అమ్మేవారి మాట మీద కాకుండా, కొనేవారు స్వయంగా సరిచూసుకోగల ఆధారాల మీద ఎంచుకోవాలి. వోల్టేజీ, వాట్-అవర్లు, బరువు, తయారీ తేదీ, రిజిస్ట్రేషన్ నంబరు, బిల్లు: ఇవే ఆ ఆధారాలు. కొన్నిటి వెనక భౌతికశాస్త్రం, కొన్నిటి వెనక రసాయనశాస్త్రం, మిగతావాటి వెనక చట్టం ఉన్నాయి. స్టిక్కర్ మార్చినంత సులువుగా వీటిని మార్చడం కుదరదు.

ఈ సమస్య బాగా తెలిసిన చోటు బెంగళూరులోని ఎలక్ట్రానిక్ సిటీ. 1978లో కర్ణాటక ప్రభుత్వ సంస్థ కియోనిక్స్, ఆర్.కె. బాలిగా చొరవతో, కోనప్పన అగ్రహార, దొడ్డతోగూరు గ్రామాల దగ్గర 332 ఎకరాల్లో దీన్ని నెలకొల్పింది. ఇవాళ హోసూరు రోడ్డు పక్కన ఇన్ఫోసిస్, విప్రో వంటి సంస్థల ప్రాంగణాలున్న ఈ ప్రాంతంలో ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చి పనిచేస్తున్నవారు వేలల్లో ఉన్నారు. ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్ బ్యాటరీ పోతే ఐటీ విభాగం చూసుకుంటుంది. సొంత ల్యాప్‌టాప్‌కు అలాంటి ఏర్పాటు లేదు. కంపెనీలు కొన్నేళ్లు వాడి తీసేసిన థింక్‌ప్యాడ్లు, లాటిట్యూడ్లు, ఎలైట్‌బుక్‌లు రీఫర్బిష్డ్ పేరుతో తక్కువ ధరకు దొరుకుతాయి. చదువుకుంటున్న తమ్ముడికో చెల్లెలికో అలాంటిది కొని ఊరికి పంపేవారూ ఉన్నారు. ఆ యంత్రాల్లో ప్రాసెసర్, కీబోర్డు, తెర బాగానే పనిచేస్తుంటాయి. ముందుగా ఓడిపోయేది బ్యాటరీయే. అప్పుడు దారులు మూడు: కంపెనీ సర్వీస్ సెంటర్, నగరం నడిబొడ్డున ఉన్న ఎస్పీ రోడ్డు దుకాణాలు, ఆన్‌లైన్. రోజంతా కంప్యూటర్ల మధ్య గడిపే ఇంజనీర్లు కూడా ఈ మూడింటిలో ఒకదాన్ని ఎంచుకునేటప్పుడు ధర దగ్గరా స్టార్ రేటింగుల దగ్గరా ఆగిపోతున్నారంటే, బ్యాటరీని ఎలా చదవాలో మనకు ఏ చదువులోనూ చెప్పకపోవడమే కారణం.

కొనే ముందు అసలు మార్చాల్సిన అవసరం ఉందో లేదో తేల్చుకోవాలి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘పవర్‌సీఎఫ్‌జీ’ కమాండ్‌తో బ్యాటరీ రిపోర్ట్ అడిగితే ఒక పేజీ తయారవుతుంది. అందులో రెండు అంకెలు ముఖ్యం. ఒకటి డిజైన్ కెపాసిటీ, అంటే కొత్తగా ఉన్నప్పటి సామర్థ్యం. రెండోది ఫుల్ చార్జ్ కెపాసిటీ, అంటే ఇప్పుడు నిండుగా చార్జ్ చేస్తే పట్టేది. మొదటిది 57,000 మిల్లీవాట్-అవర్లు, రెండోది 34,200 అయితే బ్యాటరీలో మిగిలింది 60 శాతం. మ్యాక్‌లో సెట్టింగ్స్‌లోని బ్యాటరీ విభాగమే ఈ శాతాన్ని చూపిస్తుంది. 80 శాతం కంటే తగ్గితే బ్యాటరీ అరిగిపోయినట్టని పరిశ్రమలో ఒక వాడుక. అది ప్రమాద సూచిక కాదు, కొలమానం మాత్రమే. 85 శాతం ఉన్నా బ్యాకప్ రావడం లేదంటే తప్పు బ్యాటరీది కాకపోవచ్చు. వెనకాల నడుస్తున్న ప్రోగ్రాములో, దుమ్ము పట్టిన ఫ్యానో, తెర వెలుతురో కరెంటును ఎక్కువగా తినేస్తుండవచ్చు. కొత్త బ్యాటరీ వేసినా ఆ ఇబ్బంది తీరదు. 30 శాతం చూపిస్తుండగానే యంత్రం ఠక్కున ఆగిపోతుంటే మాత్రం సెల్స్ లోపలి నిరోధం పెరిగిందని అర్థం. ఎక్కువ కరెంటు అడిగిన క్షణంలో వోల్టేజీ కుప్పకూలుతోంది. ఇక బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేచినా, అడుగు మూత సరిగ్గా పట్టకపోయినా శాతాలు చూడాల్సిన పని లేదు. లోపలి ద్రావణం విచ్ఛిన్నమై వాయువు పుట్టిందన్నమాట. అలాంటిదాన్ని ఆ రోజు నుంచే వాడకూడదు, చార్జింగ్ పెట్టకూడదు, నొక్కి సర్దాలనో గుచ్చి గాలి తీయాలనో అస్సలు చూడకూడదు.

మార్చడం తప్పదని తేలాక మొదట అర్థం చేసుకోవాల్సింది స్టిక్కర్ మీది ఎంఏహెచ్ అంకె సంగతి. లిథియం అయాన్ సెల్‌ను సోనీ సంస్థ 1991లో తొలిసారి మార్కెట్లోకి తెచ్చింది. దానికి పునాది వేసిన జాన్ గుడినఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినోలకు 2019లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. ఒక్కో సెల్ సగటు వోల్టేజీ రకాన్ని బట్టి 3.6, 3.7 లేదా 3.8. ల్యాప్‌టాప్‌కు అంతకన్నా ఎక్కువ కావాలి కాబట్టి రెండు, మూడు, నాలుగు సెల్స్‌ను వరుసగా కలుపుతారు. మూడు కలిపితే 10.8, 11.1 లేదా 11.4, నాలుగు కలిపితే 14.4, 14.8 లేదా 15.2. ఎంఏహెచ్ అన్నది ఎంత కరెంటు ఎంతసేపు ఇవ్వగలదో చెబుతుంది తప్ప, ఎంత శక్తి ఉందో చెప్పదు. శక్తి కావాలంటే దాన్ని వోల్టేజీతో గుణించాలి. వచ్చేదే వాట్-అవర్. 57 వాట్-అవర్ల బ్యాటరీ 7.6 వోల్టులదైతే 7,500 ఎంఏహెచ్ అని రాస్తారు, 11.4 వోల్టులదైతే 5,000 అని, 15.2 వోల్టులదైతే 3,750 అని. మూడింటిలోనూ ఉన్న శక్తి ఒక్కటే. అందుకే ‘ఇది 7,500, అది 3,750’ అంటూ రెండు బ్యాటరీలను పోల్చడంలో అర్థం లేదు. పాత బ్యాటరీ మీద ఉన్న వోల్టేజీనే కొత్తదాని మీద కూడా చూడాలి. 10.8 అని ఒకరు, 11.1 అని ఒకరు రాయడం ఒకే మూడు సెల్స్ అమరికకు రెండు లెక్కలు కాబట్టి ఇబ్బంది లేదు. 11.1 ఉన్న చోట 14.8 పెట్టడం మాత్రం కుదరదు. ఆ తర్వాత చూడాల్సింది వాట్-అవర్లు. ఈ లెక్కకు ఇంకో ఉపయోగం కూడా ఉంది. విమానంలో ప్రయాణికులు మామూలుగా తీసుకెళ్లగల బ్యాటరీకి పరిమితి 100 వాట్-అవర్లు. అందుకే పెద్ద ల్యాప్‌టాప్‌లలోనూ తయారీదారులు దానికి కాస్త లోపే ఆపుతారు.

‘ఎంఏహెచ్ ఎక్కువుంటే మంచిదే కదా’ అన్న అభిప్రాయానికి జవాబు రసాయనశాస్త్రమే ఇస్తుంది. పాత మోడల్ ల్యాప్‌టాప్‌లలో వాడే గుండ్రటి సెల్‌ను 18650 అంటారు. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు. ఆ కొలతలో పట్టే పదార్థానికి ఒక హద్దు ఉంది. మేలైన సంస్థలు చేసే సెల్ కూడా సుమారు 3,500 ఎంఏహెచ్ దగ్గర ఆగుతుంది. ఆరు సెల్స్ బ్యాటరీలో వాటిని రెండేసి చొప్పున మూడు వరుసలుగా కలుపుతారు కాబట్టి గరిష్ఠంగా 7,000 ఎంఏహెచ్ వస్తుంది. 4,400 అని రాసి ఉంటే 2,200 సెల్స్ రెండేసి, 5,200 అని ఉంటే 2,600 సెల్స్ రెండేసి. ఇవి నమ్మదగిన అంకెలు. అదే ఆరు సెల్స్ బ్యాటరీ మీద 9,000 అనో 10,000 అనో కనిపిస్తే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు. ఆ కొలతలో అంత శక్తిని పట్టించే పదార్థం లేదు. ఇదే సూత్రం బరువుకూ వర్తిస్తుంది. శక్తిని నిలవ చేసేది లోపలి పదార్థం, పదార్థానికి బరువు ఉంటుంది. ఒక మంచి 18650 సెల్ 45 నుంచి 48 గ్రాములు తూగుతుంది. ఆరు సెల్స్ కలిపితే, ప్లాస్టిక్ పెట్టె కాకుండానే, 270 గ్రాములు దాటాలి. పల్చటి పౌచ్ సెల్స్ ఉన్న కొత్త మోడళ్లకైతే తయారీదారు మాన్యువల్ చూడాలి. చాలా మాన్యువళ్లలో బ్యాటరీ వాట్-అవర్లు, కొలతలు, బరువు రాసి ఉంటాయి. వంటగదిలో వాడే డిజిటల్ కాటా చాలు. పాతదానికీ కొత్తదానికీ వాట్-అవర్లు ఒకటే అయి, కొత్తది నాలుగో వంతు తేలిగ్గా ఉంటే, ఆ నాలుగో వంతు పదార్థం లోపల లేదని గట్టిగా అనుమానించవచ్చు.

అంకె, బరువు సరిపోయాక వచ్చేది తేదీ. నా దృష్టిలో కొనేవారు ఎక్కువగా పట్టించుకోనిదీ, ఎక్కువగా నష్టపోయేదీ ఇక్కడే. మందు కొనేటప్పుడు స్ట్రిప్ తిప్పి తేదీ చూసే మనం బ్యాటరీ మీది తేదీ చూడం. లిథియం అయాన్ సెల్ వాడితేనే కాదు, వాడకుండా పెట్టెలో ఉంచినా ముసలిదవుతుంది. గ్రాఫైట్ ధ్రువానికీ ద్రావణానికీ మధ్య ఒక పల్చటి పొర ఏర్పడుతుంది. సెల్ పనిచేయడానికి ఆ పొర అవసరమే కానీ, అది నెమ్మదిగా మందం పెరుగుతూ పని చేయాల్సిన లిథియంను తనలో బంధించేస్తుంది. వేడి ఎక్కువైనా, చార్జింగ్ నిండుగా ఉన్నా ఈ చర్య వేగం పెరుగుతుంది. బ్యాటరీ రంగంలో తరచూ ఉదహరించే ఒక పట్టిక ప్రకారం 25 డిగ్రీల దగ్గర 40 శాతం చార్జ్‌తో ఏడాది నిలవ ఉంచిన సెల్‌లో 96 శాతం సామర్థ్యం మిగులుతుంది. అదే 25 డిగ్రీల్లో నిండు చార్జ్‌తో ఉంచితే 80 శాతమే. 40 డిగ్రీల్లో 40 శాతం చార్జ్‌తో అయితే 85, నిండు చార్జ్‌తో అయితే 65. కొత్త సెల్స్‌లో ఈ అంకెలు కాస్త మారినా దిశ మారదు. సముద్ర మట్టానికి 900 మీటర్లకు పైన ఉన్న బెంగళూరు గదిలో ఉన్న ల్యాప్‌టాప్, మే నెల విజయవాడలోనో రెంటచింతలలోనో ఏసీ లేని గదిలో రోజంతా ప్లగ్‌లో ఉన్న ల్యాప్‌టాప్ ఒకే వయసున్నా ఒకేలా ఉండవు. కోవిడ్ కాలంలో ఇంటి నుంచి పని పేరుతో ఎండాకాలమంతా నిండు చార్జ్‌లో వేడెక్కిన బ్యాటరీలు త్వరగా చతికిలబడితే అందులో ఆశ్చర్యం లేదు. ఇదే సూత్రం దుకాణపు అల్మరాకూ వర్తిస్తుంది. సీలు విప్పని, మూడేళ్ల కిందటి ‘ఒరిజినల్’ బ్యాటరీ కన్నా మూడు నెలల కిందట తయారైన, పేరున్న వేరే సంస్థ బ్యాటరీ మేలు కావచ్చు. తయారీ తేదీ లేబుల్ మీద ఉంటుంది, లేదా సీరియల్ నంబరులో దాగి ఉంటుంది. థింక్‌ప్యాడ్లలో లెనోవో వాంటేజ్ ప్రోగ్రాము తయారీ తేదీనీ తొలిసారి వాడిన తేదీనీ విడివిడిగా చూపిస్తుంది.

సెల్స్‌తో పాటు బ్యాటరీలో ఒక చిన్న సర్క్యూట్ బోర్డు ఉంటుంది. ధరలో తేడా చాలా భాగం అక్కడే పుడుతుంది. ఆ బోర్డు మీది చిప్ ఒక్కో సెల్ వోల్టేజీనీ ఉష్ణోగ్రతనూ కొలుస్తుంది, ఏ ఒక్క సెల్ హద్దు దాటినా కరెంటు ఆపేస్తుంది, ఎంత శాతం మిగిలిందో లెక్కగట్టి ల్యాప్‌టాప్‌కు చెబుతుంది. సెల్ లోపల రెండు ధ్రువాల మధ్య ఉండేది 20 మైక్రాన్లో, అంతకంటే తక్కువో మందం ఉన్న ప్లాస్టిక్ పొర. తల వెంట్రుక కన్నా పల్చన. పాలిఎథిలీన్ పొరైతే 130 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. ఆ పొర పోతే ధ్రువాలు రెండూ తగులుకుంటాయి. అప్పుడు పుట్టే వేడి పక్క సెల్‌కు పాకుతుంది. దీన్ని అడ్డుకునే మొదటి కాపలా ఆ బోర్డే. చవక బ్యాటరీలో ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్లు తగ్గించినా, సెల్స్ సమతూకం చూసే ఏర్పాటు తీసేసినా కొన్న రోజున ఏమీ తెలియదు. చార్జింగ్ ఎక్కుతుంది, దిగుతుంది, అంతా మామూలే. పైగా డిజైన్ కెపాసిటీ అన్న అంకె ఆ చిప్‌లో తయారీదారు రాసిందే కాబట్టి, అక్కడ ఏ అంకె రాస్తే కంప్యూటర్ తెర మీద అదే కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ రిపోర్ట్ ఒక్కటే చాలదని, బరువుతోనూ వాడకంతోనూ సరిచూడాలని చెప్పేది ఇందుకే.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం వస్తుంది. పెద్ద కంపెనీల బ్యాటరీలు కూడా మండాయి కదా, అలాంటప్పుడు వాటికి ఎక్కువ డబ్బు ఎందుకు? నిజమే. 2006 ఆగస్టులో డెల్ 41 లక్షల బ్యాటరీలను, అదే నెలలో యాపిల్ 18 లక్షలను వెనక్కు పిలిచాయి. రెండింటిలోనూ ఉన్నవి సోనీ సెల్స్. తయారీలో లోపలికి చేరిన సూక్ష్మ లోహపు రేణువులు ఆ పల్చటి పొరను దాటి షార్ట్ సర్క్యూట్‌కు దారితీయడమే కారణమని తేలింది. 2018 జనవరిలో హెచ్‌పీ సుమారు 50 వేల బ్యాటరీలను వెనక్కు తీసుకుంది. మార్చే వీలు కుదిరేలోపు బ్యాటరీని ఖాళీ చేసి మళ్లీ చార్జ్ కాకుండా ఆపే సాఫ్ట్‌వేర్ మార్పు కూడా ఇచ్చింది. ఈ ఉదంతాలు చెప్పేది పెద్ద పేరు ఉంటే లోపం రాదని కాదు. లోపం వచ్చినప్పుడు ఏ సెల్ ఏ ఫ్యాక్టరీలో ఎప్పుడు తయారైందో వెతికి పట్టుకోగలిగారు, లక్షల మందికి కబురు పంపగలిగారు, ఉచితంగా మార్చి ఇచ్చారు. పేరు లేని బ్యాటరీలో ఇదే లోపం ఉంటే వెనక్కు పిలిచేవారు ఎవరు? ఎవరిని పిలవాలో ఏ జాబితాలో ఉంది? కాబట్టి ఎక్కువ ధరకు మనం కొనేది బ్రాండు గౌరవం కాదు, జవాబుదారీ. ఆ జవాబుదారీ ఇచ్చే సంస్థ ల్యాప్‌టాప్ తయారీదారే కానక్కర్లేదు. చిరునామా ఉండి, అడిగితే పలికే సంస్థ ఏదైనా చాలు.

ఆ చిరునామాను సరిచూసుకునే దారి మన దేశంలో ఉంది, దాన్ని వాడేవారే తక్కువ. ల్యాప్‌టాప్‌లలో, ఫోన్లలో వాడే ఈ రకం బ్యాటరీలకు భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ దగ్గర రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వాటి భద్రతా ప్రమాణం ఐఎస్ 16046. రిజిస్టరైన బ్యాటరీ మీద ఆ ప్రమాణం సంఖ్య, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. బీఐఎస్ కేర్ అనే ఉచిత యాప్‌లో ఆ నంబరు కొడితే ఏ తయారీదారుకు, ఏ వస్తువుకు, ఏ బ్రాండుకు అది ఇచ్చారో కనిపిస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. చార్జర్లకూ ల్యాప్‌టాప్‌లకూ వర్తించేది వేరే ప్రమాణం, ఐఎస్ 13252. బ్యాటరీ మీద ఆ సంఖ్య ఉంటే, లేదా యాప్‌లో వచ్చిన బ్రాండు పేరు చేతిలో ఉన్న పెట్టె మీది పేరుతో కలవకపోతే, ఆ నంబరు వేరేచోటి నుంచి ఎత్తి అచ్చు వేసినదని అనుకోవాలి. పెట్టె మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన నెల, సంవత్సరం, గరిష్ఠ ధర, ఫిర్యాదు చేయాల్సిన చోటు ఉండాలని తూనికలు కొలతల చట్టం కింది నిబంధనలు చెబుతున్నాయి. బిల్లు మీద మోడల్, సీరియల్ నంబరు రాయించుకోవడం ఇందులో చివరి మెట్టు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం లోపభూయిష్ట వస్తువు వల్ల జరిగే హానికి ఉత్పత్తి బాధ్యతను గుర్తించింది. తయారీదారు ఎవరో తేలని వస్తువు అమ్మితే ఆ బాధ్యత అమ్మినవారి మీద పడే వీలుంది. బిల్లు లేకపోతే ఆ హక్కు కాగితం మీదే మిగులుతుంది.

‘ఇంత చూస్తే ఖర్చు రెట్టింపవుతుంది, పాత ల్యాప్‌టాప్‌కు అంత పెట్టాలా’ అన్నది రెండో అభ్యంతరం. ఇది తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు. పిల్లల చదువు కోసం తక్కువ ధరలో రీఫర్బిష్డ్ యంత్రం కొన్నవారికి సర్వీస్ సెంటర్ ధర భారమే. అయితే ధరను లెక్కగట్టే పద్ధతి మార్చుకోవాలి. బ్యాటరీకి ఇచ్చే డబ్బును అది నిజంగా ఇచ్చే వాట్-అవర్లతో, అది పనికొచ్చే సంవత్సరాలతో భాగించి చూడాలి. ఉదాహరణకు 2,000 రూపాయల బ్యాటరీ రాసిన శక్తిలో సగమే ఇచ్చి ఏడాదిలో పోయిందనుకుందాం, 4,500 రూపాయలది రాసినంతా ఇచ్చి మూడేళ్లు వచ్చిందనుకుందాం. ఏడాదికి 2,000 ఒకవైపు, 1,500 మరోవైపు, పైగా రెండోదానిలో ప్రతి ఏడాదీ దొరికేది ఎక్కువ శక్తి. చవకదే ఖరీదైనది. డబ్బు నిజంగానే లేనప్పుడు ఇంకో దారి ఉంది. ల్యాప్‌టాప్ ఎప్పుడూ టేబుల్ మీద ప్లగ్‌లోనే ఉంటుందంటే, కరెంటు పోయినప్పుడు పని సేవ్ చేసుకునేంత బ్యాకప్ ఉన్న పాత బ్యాటరీనే, ఉబ్బనంత కాలం, కొనసాగించవచ్చు. సరైనదానికి డబ్బు కూడేదాకా ఆగడం, తెలియనిదాన్ని తొందరపడి కొనడం కన్నా నయం.

మూడో అభ్యంతరం మరింత నిజమైనది: ఆ మోడల్ బ్యాటరీని తయారీదారే ఆపేశాడు, ఒరిజినల్ దొరకదు. ఇలాంటప్పుడు ‘ఒరిజినల్’ అనే ముద్రతో దొరికేవి రెండే రకాలు: ఏళ్ల తరబడి నిలవ ఉన్న పాత సరుకు, లేదా నకిలీ. ఆ రెండింటి కన్నా, తన పేరుతోనే అమ్మే, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న, ఈ ఏడాది తయారైన కంపాటిబుల్ బ్యాటరీ మంచిది. అది తానేమిటో దాచుకోవడం లేదు. అయితే ముందుగా ఒకటి చూసుకోవాలి. 2012 తర్వాతి థింక్‌ప్యాడ్లు చాలావరకు తయారీదారు ముద్ర లేని బ్యాటరీని గుర్తించి చార్జ్ చేయడానికి నిరాకరిస్తాయి. భద్రత కోసం అన్నది కంపెనీల వాదన. కానీ విడిభాగాలు ఆపేసి, బయటివాటిని అడ్డుకుంటే, బాగున్న యంత్రం చెత్తబుట్టకు చేరుతుంది. ఈ చిక్కును విప్పాల్సింది కొనేవారు ఒక్కరే కాదు. ఐరోపా సమాఖ్య 2023లో చేసిన బ్యాటరీ చట్టం ప్రకారం 2027 ఫిబ్రవరి 18 నుంచి చిన్న పరికరాల్లో బ్యాటరీని వాడేవారే తీసి మార్చుకునేలా ఉండాలి, మోడల్ అమ్మకం ఆగిన తర్వాత కనీసం ఐదేళ్లు విడి బ్యాటరీ దొరకాలి. మన దగ్గర కేంద్ర వినియోగదారుల వ్యవహారాల విభాగం 2022 డిసెంబరు 24న మరమ్మతు హక్కు పోర్టల్ ప్రారంభించింది. ఆ పోర్టల్ సమాచారం ఇవ్వడం మంచి మొదలే. బ్యాటరీ దొరికేలా చూడటం దాని తర్వాతి మెట్టు కావాలి.

సెల్స్ ఒక్కటే మార్చి పాత బోర్డునే వాడదామనే ఆలోచన కూడా వినిపిస్తుంది. వ్యర్థం తగ్గించాలన్న ఉద్దేశం మెచ్చుకోదగ్గదే. కానీ ఇందులో రసాయనం క్షమించదు. 11.4 వోల్టులని రాసిన బ్యాటరీలోని సెల్స్ ఒక్కోటి 4.35 వోల్టుల దాకా చార్జ్ కావడానికి చేసినవి. వాటి చోట మార్కెట్లో మామూలుగా దొరికే 4.2 వోల్టుల సెల్స్ పెడితే, పాత బోర్డు వాటిని 4.35కే తీసుకెళుతుంది. ప్రతి చార్జింగ్‌లోనూ హద్దు దాటుతున్నట్టే. సెల్స్ వయసులు, సామర్థ్యాలు ఒకేలా లేకపోతే బలహీనమైనది ముందుగా నిండుతుంది, ముందుగా ఖాళీ అవుతుంది, భారమంతా దాని మీద పడుతుంది. స్పాట్ వెల్డింగ్ చేయాల్సిన చోట టంకం వేస్తే ఆ వేడి సెల్ లోపలి పొరకు చేరుతుంది. సెల్స్ తీసిన క్షణంలో కొన్ని బోర్డులు శాశ్వతంగా తాళం వేసుకుంటాయి కూడా. సరైన పరికరాలు, ఒకే బ్యాచ్ సెల్స్, బోర్డు సంగతి తెలిసిన మనిషి ఉంటే తప్ప ఇది ఇంట్లో చేసే పని కాదు.

కొన్నాక కూడా పరీక్ష ఆగకూడదు. వాపసు గడువు ముగిసేలోపు రెండు మూడు సార్లు నిండుగా చార్జ్ చేసి, మామూలు పనితో దాదాపు ఖాళీ అయ్యేదాకా వాడాలి. అప్పటికి చిప్ లెక్క కుదురుకుంటుంది. ఫుల్ చార్జ్ కెపాసిటీ డిజైన్ కెపాసిటీకి దగ్గరగా ఉందా, శాతం నిలకడగా దిగుతోందా, 40 నుంచి ఒక్కసారిగా 10కి పడిపోతోందా, చార్జింగ్‌లో చేయి పెట్టలేనంత వేడెక్కుతోందా అని గమనించాలి. తేడా ఉంటే బిల్లుతో వెనక్కు ఇవ్వాలి. అన్నీ సరిగ్గా ఉంటే, చార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సెట్టింగు పెట్టుకోవాలి. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఆ సౌకర్యం ఉంది. పైన చెప్పిన నిలవ అంకెలు గుర్తు తెచ్చుకుంటే, ఆ ఒక్క సెట్టింగు ఎన్ని నెలల ఆయుష్షు కలుపుతుందో అర్థమవుతుంది. తీసేసిన పాత బ్యాటరీకి టెర్మినల్స్ మీద టేపు అంటించి, తడి చెత్తలోనూ పొడి చెత్తలోనూ వేయకుండా అధీకృత సేకరణ కేంద్రానికి ఇవ్వాలి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు పాతవాటిని వెనక్కు తీసుకుని రీసైకిల్ చేయించే బాధ్యతను తయారీదారుల మీదే పెట్టాయి. కాబట్టి కొత్తది కొనే చోటే ‘పాతది తీసుకుంటారా’ అని అడగడం మన హక్కు. చెత్త లారీలో నలిగిన ఒక్క బ్యాటరీ చాలు, మంటలు రేగడానికి. ఆ ప్రమాదం ముందుగా పడేది పారిశుధ్య కార్మికుల మీద.

ఇదంతా ఒక బ్యాటరీ కోసం మరీ ఎక్కువ శ్రమ అనిపించవచ్చు. నిజానికి ఇది అరగంట పని: లేబుల్ మీద వోల్టేజీ, వాట్-అవర్లు చూడటం, తేదీ వెతకడం, యాప్‌లో నంబరు కొట్టడం, కాటా మీద తూచడం, బిల్లు తీసుకోవడం. ఆ అరగంట ఫలితం ఒక్క ఇంటికే పరిమితం కాదు. ఇవాళ దుకాణదారు రిజిస్ట్రేషన్ లేని సరుకు అల్మరాలో పెడుతున్నాడంటే అడిగేవారు లేకే. వచ్చిన ప్రతి పదిమందిలో ఇద్దరు ‘తయారీ తేదీ చూపించండి, ఆర్ నంబరు ఎక్కడుంది’ అని అడిగితే, ఆ రెండూ లేని సరుకు నిలవ ఉండిపోతుంది, తర్వాతి ఆర్డరులో రాదు. నిజాయితీగా మంచి సరుకు తెచ్చే దుకాణదారుకు ఇదే నిజమైన అండ, ఎందుకంటే ఇప్పుడు అతను పోటీ పడుతున్నది ధర ఒక్కటే చూసే కొనుగోలుదారు కోసం. ప్రపంచానికి సాఫ్ట్‌వేర్ రాసి, దాన్ని పరీక్షించకుండా బయటకు పంపని వేలమంది తెలుగువారు ఎలక్ట్రానిక్ సిటీలో ఉన్నారు. ఆ పరీక్షించే అలవాటును తమ ల్యాప్‌టాప్ బ్యాటరీకీ, ఊళ్లో ఉన్న తమ్ముడి ల్యాప్‌టాప్ బ్యాటరీకీ వర్తింపజేస్తే, స్టిక్కర్ మీది మాట స్థానంలో రుజువు వచ్చి కూర్చుంటుంది. సురక్షితమైన బ్యాటరీ మార్కెట్ ఆ అలవాటుతోనే మొదలవుతుంది.